చిలకలు నోరు విప్పిన సాయంత్రం

ఒకప్పుడు చిలకలు చప్పుడు చెయ్యకుండా ఎగిరేవి.

నమ్మరని తెలుసు. ఇవాళ నాలుగు చిలకలు ఇంటిమీదుగా పోతే వంటింట్లో పోపు పెడుతున్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఆ రోజుల్లో నాలుగు వందలు పోయినా ఎవరికీ తెలిసేది కాదు. ముంగిట్లోంచి ఒక నీడ జారిపోయేది, అంతే. వడియాలకు కాపలా కూచున్న అవ్వ ‘మబ్బు పట్టిందేమో’ అనుకుని తల ఎత్తేసరికి పైన ఏమీ ఉండేది కాదు.

అలాగని చిలకలకు మాటలు రావని కాదు. పొద్దుగూకి కొమ్మల్లో సర్దుకున్నాక ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుకునేవి. కానీ వాటికొక కట్టుబాటు ఉండేది. రెక్క విప్పితే ముక్కు మూయాలి. మనిషి కనిపిస్తే, కొమ్మమీద కూచుని ఉన్నా సరే, మరీ గట్టిగా మూయాలి. గుంపుకు పెద్ద బోడిమెడ తాత. మెడమీది ఈకలు ఎప్పుడో రాలిపోయిన ముసలి చిలక. పిల్లలకు ఎగరడం కంటే ముందు ఆయన నేర్పేది ఇదే.

“కాకిని చూడండి,” అనేవాడు తాత. “వస్తూనే ‘నేనొచ్చా, నేనొచ్చా’ అంటుంది. రాయి తింటుంది. మనం ఏమీ అనం. గింజలు తింటాం.”

ఆ మాట నిజమే. కొండల కింద నల్లరేగడి చేలల్లో జొన్న పాలుపట్టే వేళకు చిలకలు గాలిలా దిగేవి. పచ్చటి చేలో పచ్చటి పిట్ట. కంకి ఊగితే గాలికి ఊగిందనుకోవాలి. చేను మధ్యలో నాలుగు గుంజల మంచె, మంచెమీద చేతిలో ఒడిసెల పట్టుకుని ఒక కాపలా మనిషి. ఒడిసెలలో రాయి పెట్టి తలచుట్టూ గిరగిరా తిప్పి వదిలాడంటే అది ఎగిరే కాకిని కూడా తాకేది. కానీ చిలకల్ని ఎట్లా కొడతాడు? పైన చూస్తే ఆకాశం. కింద చూస్తే చేను. మధ్యలో గింజలు మాత్రం ఏమవుతున్నాయో అతనికి అర్థమయ్యేది కాదు.

ఆ మనిషి పేరు పక్కీరప్ప. జొన్న అయిపోతే సజ్జ, సజ్జ అయిపోతే దోసపాదులు, ఏడాది పొడుగునా ఏదో ఒక చేనికి కాపలా. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా “హోయ్! హోయ్!” అని అరవడమే అతని పని. అరవడం తేలికనుకోకండి. గొంతుతో అరిచేవాడు మధ్యాహ్నానికి బొంగురుపోతాడు. కడుపుతో అరిచేవాడే సాయంత్రందాకా నిలుస్తాడు. పక్కీరప్ప కడుపుతో అరిచేవాడు. అయినా ఇంటికి చేరేసరికి అతనిలో ఒక్క మాట మిగిలేది కాదు. కాళ్లు కడుక్కునేవాడు, అన్నం తినేవాడు, పడుకునేవాడు.

“ఊరికంతా నీ గొంతు వినపడుతుంది. నాకు తప్ప!” అనేది అతని పెండ్లాం సుంకమ్మ.

“ఊఁ,” అనేవాడు పక్కీరప్ప.

వాళ్ల సంగతి మళ్లీ వస్తుంది. ముందు చివురి సంగతి చెప్పాలి. ఈ కథ దానిదే.

చివురి బోడిమెడ తాత గుంపులో ఒక తల్లి చిలక. మోడైపోయిన ఒక తాటిచెట్టు తొర్రలో గుడ్లు పెట్టింది. ఆ ఏడు దానికి ఒక్క పిల్లే నిలిచింది. చిలకపిల్లను మీరెప్పుడైనా చూశారా? చూస్తే నవ్వొస్తుంది. ఒళ్లంతా బోసి, అక్కడక్కడా ముళ్లలాంటి ఈకలు, తలకు మించిన ముక్కు. దాని తల్లికి మాత్రం లోకంలో అంత అందమైనది ఇంకోటి లేదు.

ఒక ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచింది. చివురి మేత తెస్తూ ఉంది. వచ్చి చూస్తే తాటిమోడు నిలువునా పడి ఉంది. తొర్ర పగిలి, పీచుల మధ్య పిల్ల తూలుతూ నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. చివురి పక్కనున్న వేపచెట్టుమీద వాలి, కిందికి దూకబోయింది.

అంతలో దారిమీద మనిషి వచ్చాడు.

పక్కీరప్పే. చేను ఏమైందో చూడ్డానికి వస్తున్నాడు. పిల్లను చూసి గొంతుక్కూచున్నాడు.

“అయ్యో, ఏందే ఇది? రాత్రికి నక్క పాలయ్యేటట్టున్నావే!”

చుట్టూ చూశాడు. వేపచెట్టువైపు తలెత్తాడు. చివురి ఆకుల్లో ఆకై కూచుంది.

“దీనికి ఎవరూ లేరా?” అని గట్టిగా అడిగాడు, చెట్టునే అడుగుతున్నట్టు.

చివురి ముక్కు సగం తెరుచుకుంది. కేక గొంతుదాకా వచ్చింది. మనిషి కనిపిస్తే మూయాలి, మనిషి కనిపిస్తే మూయాలి. పుట్టినప్పట్నుంచీ విన్న మాట అది. ముక్కు మళ్లీ మూసుకుంది.

పక్కీరప్ప తొందరపడలేదు. నములుతున్న తమలపాకు అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఏ పిట్టా అరవలేదు. ఏ పిట్టా మీదికి రాలేదు.

“ఎవరూ లేనట్టుంది,” అన్నాడు. పిల్లను పంచె మడతలో పెట్టుకుని లేచాడు.

చివురి చెట్టునుంచి చెట్టుకు అతని వెనకే పోయింది. కానీ అది పశువులు ఇంటికి తిరిగే వేళ. ఊరి మొదట్లో దుమ్ము లేచింది. దుమ్ములోంచి పదిమంది మనుషులు బయటికొచ్చారు. పదిమందికీ తెల్ల తలగుడ్డలే, పదిమందికీ మోకాళ్లదాకా పంచెలే. మనకు చిలకలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి చూడండి, చిలకలకూ మనుషులందరూ అంతే. చివురి చూస్తుండగానే వాళ్లు తలా ఒక సందులోకి పోయారు.

ఆ రోజునుంచి చివురికి కుదురు పోయింది.

కొమ్మమీద కూచుంటే కొమ్మ గుచ్చుకున్నట్టుండేది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. పండుమీద వాలి ముక్క కొరికి, మింగకుండానే వదిలేసి ఇంకో పండుకు పోయేది. పక్క చిలకలు “తిను, చివురీ” అంటే “తింటా” అనేది, తినేది కాదు. వానలొచ్చాయి. జొన్న మొలిచింది, మోకాలెత్తు పెరిగింది, నడుమెత్తు పెరిగింది. రోజూ సాయంత్రం గుంపు గూటిచెట్టుకు తిరిగి వచ్చేటప్పుడు చివురి మాత్రం వెనకబడి, ఊరి కప్పులమీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చేది. చప్పుడు లేకుండా.

తెరిచిన వాకిళ్లు కనిపించేవి, ఆరేసిన చీరలు కనిపించేవి, గోడమీద పిల్లులు కనిపించేవి. పిల్ల కనిపించేది కాదు. ఊరి చివర పెరట్లో మునగచెట్టున్న ఇంటి దగ్గరికి వచ్చేసరికి లోపల్నించి ఒక ఆడమనిషి గొంతు వినిపించేది.

“ఎవరదీ? లోపలికి రా! అన్నం తిన్నావా?”

చివురి బెదిరి దూరంగా జరిగిపోయేది. మనిషి గొంతు గదా!

ఆ ఇంట్లో ఏం జరుగుతున్నదో చివురికి తెలీదు. మనకు తెలుసు. అది సుంకమ్మ ఇల్లు. పక్కీరప్ప పంచె మడతలోంచి పిల్లను తీసి చేతిలో పెట్టిన రోజున సుంకమ్మ దాన్ని చూసి నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. జొన్నపిండి జావ కాచి వేలితో తాగించింది. దూది పరిచింది. ‘అమ్మడు’ అని పేరు పెట్టింది. ఈకలొచ్చాక వెదురు పంజరం చేయించింది. పిల్లుల భయానికి పంజరాన్ని నడిమింట్లో దూలానికి వేలాడదీసింది. నడిమింటికి కిటికీ లేదు. రెక్క ఈకలు పెరిగినప్పుడల్లా కత్తెరతో కొసలు కత్తిరించేది.

“ఎగిరితే పిల్లి పాలవుతావే, అమ్మడూ,” అనేది కత్తిరిస్తూ. ప్రేమగానే అనేది. ప్రేమగానే కత్తిరించేది.

ఇక మాటలు! ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాటలన్నీ సుంకమ్మ దానికే చెప్పింది. అమ్మడు తిరిగి అవే చెప్పేది. అచ్చం సుంకమ్మ గొంతే.

“ఏం సుంకమ్మా, మొగునితో మాట్లాడుతున్నావా?” అని గోడ అవతలనుంచి కాశమ్మ కేకేసేది.

“మొగునితోనా! ఆయప్ప దగ్గర ఊఁ తప్ప ఇంకేముంది? నా అమ్మడితో!”

ఒక్క సంగతే సుంకమ్మకు అంతుపట్టేది కాదు. పొద్దువాలే వేళకు అమ్మడు పుల్లమీద ఈ చివరనుంచి ఆ చివరకు, ఆ చివరనుంచి ఈ చివరకు ఒకటే తిరుగుడు. ఊచలు కొరికేది. ఏం పెట్టినా తోసేసేది. కప్పుమీదుగా అప్పుడే ఎవరు పోతున్నారో ఆమెకూ తెలీదు, పాపం అమ్మడుకూ తెలీదు. చప్పుడు ఉంటే గదా తెలియడానికి? సుంకమ్మ పంజరాన్ని కిందికి దించి, దానిమీద ఒక గంప బోర్లించేది. చీకటైతే ఊరుకుంటుందని.

జొన్న కోతకొచ్చింది.

“రేపు పొద్దున్నే కొండ దాటుతున్నాం,” అన్నాడు బోడిమెడ తాత. “ఇక్కడ మేత అయిపోయింది. అవతలి లోయలో సజ్జ పాలుమీద ఉంది.”

చివురి తాత ముందుకు జరిగింది. “తాతా, నా పిల్ల ఇక్కడే ఉంది.”

“వెతికావు గదమ్మా.”

“కళ్లతో వెతికాను. గొంతుతో వెతకలేదు. ఒక్కసారి పిలుస్తా.”

గుంపంతా కదిలింది. తాత మెడ సాచాడు. “ఊరిమీదా? రెక్క విప్పి? నీకు మతి పోయిందా? మనమెవరమో, ఎప్పుడొస్తామో, ఎటు పోతామో ఇన్నేళ్లుగా మనుషులకు తెలీదు. నువ్వు ఒక్కసారి అరిస్తే తెలుస్తుంది. ఆ తర్వాత మళ్లీ దాచుకోలేం. ప్రతి చేలో మనకోసం రాయి కాచుకుని ఉంటుంది. నీ ఒక్క పిల్లకోసం వీళ్లందరి కడుపు కొడతావా?”

పిల్లలు, ముసలివాళ్లు, అందరూ చివురివైపే చూస్తున్నారు. అది కొమ్మమీద అటూ ఇటూ నడిచింది. ఈ చివరనుంచి ఆ చివరకు, ఆ చివరనుంచి ఈ చివరకు.

పొద్దు వాలింది. గూటిచెట్టుకు పోవడానికి గుంపు లేచింది, చప్పుడు లేకుండా. ఊరు దగ్గరపడింది. పశువుల దుమ్ము లేస్తున్నది. మునగచెట్టున్న ఇల్లు వచ్చింది. లోపల్నించి గొంతు వినిపించింది.

“ఎవరదీ? లోపలికి రా! అన్నం తిన్నావా?”

చివురి ఎప్పటిలాగే బెదిరి పక్కకు తిరగబోయింది. తిరగబోతూ పెరట్లోకి చూసింది. పెరట్లో ఆ ఇంటి ఆడమనిషి ఉంది. రోలు ముందు కూచుని పచ్చడి నూరుతున్నది. ఆమె నోరు మూసుకునే ఉంది.

లోపల్నించి మళ్లీ అదే గొంతు. “అన్నం తిన్నావా?”

ఆడమనిషి తల ఎత్తకుండా, “తింటాలేవే, అమ్మడూ,” అంది.

చివురి గాలిలోనే ఆగిపోయింది. ఒక మనిషికి గొంతు బయటొకటి, లోపలొకటి ఉంటుందా? మనిషి మాటను ఉన్నదున్నట్టు తిప్పి చెప్పే గొంతు లోకంలో ఎవరిది?

ముక్కు తెరుచుకుంది. ఈసారి మూసుకోలేదు.

ఎన్నడూ వాడని గొంతు అది. నూనె లేని గిలకలా, బందు ఊడిన తలుపులా, గీరుకుంటూ చీల్చుకుంటూ బయటికొచ్చింది. చిలక రూపానికీ దాని అరుపుకూ పొంతన ఉండదంటారే, ఎందుకుంటుంది? అది పాటకోసం పుట్టిన గొంతు కాదు.

ఊరు ఊరంతా తలెత్తింది. “చిలకలు! చూడండ్రా, ఎన్ని చిలకలో!” అని పిల్లలు వీధుల్లో పరిగెత్తారు. గుంపు బెదిరి చెల్లాచెదరైంది. చివురి మాత్రం కదల్లేదు. ఇంకోసారి అరిచింది. మరోసారి.

లోపల గొంతు ఆగిపోయింది. గంప దొర్లిన చప్పుడైంది. తర్వాత సన్నగా, తడబడుతూ, గిలక తిరిగినట్టు ఒక కూత. అది సుంకమ్మ నేర్పింది కాదు. ఎవరూ నేర్పింది కాదు.

చివురి వెళ్లి కప్పుమీద వాలింది. పెంకులు గీకుతూ అరిచింది. లోపల అమ్మడు పంజరానికి కొట్టుకుంటున్నది. సుంకమ్మ పచ్చడి చేత్తోనే లోపలికి పరిగెత్తి, పంజరం ఎత్తుకుని బయటికొచ్చింది. పక్కీరప్ప అప్పుడే చేనునుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఒడిసెల భుజంమీదే ఉంది.

“కొట్టు! చూస్తావేంది?” అంది సుంకమ్మ. “నా బిడ్డను ఎత్తుకుపోను వచ్చింది!”

పక్కీరప్ప ఒడిసెలలో రాయి పెట్టాడు. తిప్పాడు. చివురి చూసింది. ఎగరలేదు. ముక్కు మూయలేదు.

ఒడిసెల ఆగింది. రాయి కిందపడింది.

“ఎవరి బిడ్డనే?” అన్నాడు పక్కీరప్ప.

సుంకమ్మ పంజరాన్ని ఒడిలోకి లాక్కుంది.

“ఆ రోజు నేను అడిగినా, సుంకీ. ‘దీనికి ఎవరూ లేరా’ అని చెట్టును చూసి అడిగినా. ఎవరూ పలకలేదు. పలికి ఉంటే తాకేవాణ్ణి కాదు. తొర్ర చూసి పెట్టి వచ్చేవాణ్ణి.” కప్పుమీది చిలకను చూశాడు. “ఇన్నాళ్లకు పలికింది. ఇప్పుడు రాయి పెట్టి కొట్టమంటావా?”

సుంకమ్మ అతన్ని వింతగా చూసింది. పెళ్లయిన తర్వాత అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు చెప్పడం అదే మొదలు.

“అది పోతే నాతో మాట్లాడేదెవరు?” అంది మెల్లగా.

“నేను లేనా?”

“నువ్వా!” అంది సుంకమ్మ. గోడ అవతల కాశమ్మ కిసుక్కున నవ్వింది.

“మాట్లాడతాలే,” అన్నాడు పక్కీరప్ప. “మంచెమీద కొంచెం తక్కువ అరుస్తా.”

సుంకమ్మ పంజరం తలుపు తీసింది. అమ్మడు బయటికొచ్చింది. రెక్క విప్పింది. గాలిలో ఒక బారెడు పోయి ధబ్బున నేలమీద పడింది. మళ్లీ విప్పింది, మళ్లీ పడింది. కత్తిరించిన రెక్కలు గదా. సుంకమ్మ తన చేతులకేసి చూసుకుంది. లోపలికి పోయి కత్తెర తెచ్చి బావిలో పడేసింది. అమ్మడును ఎత్తి మునగచెట్టు కొమ్మమీద పెట్టి, పిల్లిని తరమడానికి ఒక కర్ర పట్టుకుని చెట్టు కిందే కూచుంది.

చెదిరిన గుంపు చింతతోపులో చేరింది.

“చూశారా?” అన్నాడు బోడిమెడ తాత. “ఊరంతా మనల్ని చూసింది. పదండి, చీకటిపడేలోగా కొండ దాటుదాం.”

ఎవరూ కదల్లేదు. ఒక చిలక అంది, “నా చెల్లెలు గూట్లోంచి పడింది, తాతా. ఏ ఇంట్లో ఉందో తెలీదు, నేనెప్పుడూ పిలవలేదు.”

“నా పిల్లనూ ఎవరో తీసుకుపోయారు,” అంది ఇంకొకటి. “కొమ్మమీద కూచుని చూశాను. చూస్తూ ఊరుకున్నాను.”

“అరిస్తే రాళ్లు పడతాయి!” అన్నాడు తాత.

అప్పుడు ఒక ముసలి చిలక, తాత పక్కనే కూచునేది, మెల్లగా అంది. “రాయిని తప్పించుకోవచ్చు. మూసిన తలుపును ఎట్లా తప్పించుకుంటారు?”

తాత బోడిమెడను రెక్కలో దాచుకున్నాడు. తీశాడు. మళ్లీ దాచుకున్నాడు. ఆయనకూ ఎవరో గుర్తొచ్చారేమో, ఎవరికి తెలుసు?

ఆ ఏడు గుంపు కొండ దాటలేదు. చలి పోయి ఎండ తిరిగేదాకా అరకడుపుతో అక్కడే ఉంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మునగచెట్టుమీదుగా అరుచుకుంటూ పోయేది. పక్కీరప్పకు ఇప్పుడు అవి ఎటొస్తాయో తెలిసేది. రాళ్లు విసిరేవాడు, విసరకపోతే కూలి దొరకదు. కానీ అంత గురిచూసి విసిరేవాడు కాదని చిలకలు చెప్పుకునేవి.

అమ్మడుకు పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. కొమ్మనుంచి కప్పుకు, కప్పునుంచి గడ్డివాముకు ఎగిరింది. ఒక పొద్దున గుంపు అరుస్తూ పోతుంటే చెట్టుమీదినుంచి లేచింది. తూలింది, కుదురుకుంది, చివురి పక్కకు చేరింది. సుంకమ్మ కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అన్ని పచ్చటి పిట్టల్లో ఏది తనదో ఎట్లా తెలుస్తుంది?

తెలిసింది. ఆ గోలలోంచి ఒక గొంతు కేకేసింది.

“అన్నం తిన్నావా?”

“తింటాలేవే!” అంది సుంకమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెనకనుంచి పక్కీరప్ప, “వాము పక్కన నిలబడకే, గడ్డి కళ్లల్లో పడుతుంది,” అన్నాడు. అంత అవసరం లేకపోయినా అన్నాడు.

అప్పటినుంచే చిలకలు అరవకుండా ఎగరడం మానేశాయి. దొంగతనానికి పోతూ ఇంత గోల చేసే పిట్ట ఇంకోటి లేదని రైతులు నవ్వుకుంటారు. చిలకలకూ తెలుసు, అరుపు వెంట రాయి వస్తుందని. అయినా ఊరు కనిపిస్తే చాలు, ముక్కులు తెరుస్తాయి. ఏ నడిమింట్లోనో, ఏ గంప కిందో ఉన్నవాళ్లకు వినపడాలని, ‘దీనికి ఎవరూ లేరా?’ అని ఎప్పుడో అడిగిన మనిషికి ఇప్పటికీ కప్పులమీదుగా జవాబు చెబుతూనే పోతాయి.

“ఉన్నాం! ఉన్నాం! ఉన్నాం!”